మలుపు దగ్గర ఆగే బండి

ఇన్నయ్యకు కళ్లు పోలేదు, పక్క చూపు పోయింది. ఈ రెండింటికీ తేడా ఏమిటో పంతొమ్మిది వందల తొంభై ఐదులో ఆర్టీసీ మెడికల్ పరీక్షకు వెళ్లేదాకా అతనికే తెలియదు.

అప్పటికి బస్సు నడపబట్టి ఇరవై మూడేళ్లు. భద్రాచలం నుంచి చింతూరు, చింతూరు దాటి మారేడుమిల్లి ఘాట్ మీదుగా రాజమండ్రి, పండగల రోజుల్లో పర్ణశాల స్పెషల్ ట్రిప్పులు, ఇట్లా అతని సర్వీసంతా అడవి రోడ్ల మీదే గడిచింది. ఒక్క యాక్సిడెంట్ రిపోర్టు లేదు. పరీక్ష చేసిన డాక్టరు గోడ మీది అక్షరాలు చదవమంటే చిట్టచివరి వరస దాకా గడగడా చదివేశాడు. తర్వాత డాక్టరు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని, "నా ముక్కునే చూస్తూ ఉండు. నా వేలు కనిపించగానే చెప్పు" అంటూ ఇన్నయ్య చెవి పక్క నుంచి వేలును మెల్లగా ముందుకు తెచ్చాడు. ఇన్నయ్య "కనిపించింది సార్" అనేసరికి ఆ వేలు కనుబొమ్మ దాటి వచ్చేసింది. డాక్టరు రెండో కన్నూ చూశాడు, కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

జబ్బు పేరు నీటికాసులు. నొప్పి లేకుండా, ఎర్రబడకుండా, చూపును అంచుల నుంచి తింటూ వస్తుంది. ఎదురుగా ఉన్నది మాత్రం స్పష్టంగానే కనిపిస్తుంది కాబట్టి మనిషికి అనుమానం రాదు. రోడ్డు పక్కన నిలబడ్డ మేకను చూడలేని మనిషికి బస్సు ఇవ్వడం కుదరదు. ఇన్నయ్యను స్టీరింగ్ మీద నుంచి దించి, భద్రాచలం బస్టాండులో ఎంక్వయిరీ కౌంటర్‌లో కూర్చోబెట్టారు. కొత్తగూడెం బండి ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో, ఖమ్మం బండి ఎంతసేపు లేటో మైకులో చెప్పడం అతని పని. జీతం తగ్గలేదు. ఎవరూ చిన్నచూపు చూడలేదు. అయినా మొదటి నెలంతా బస్సు రివర్స్ చేసే చప్పుడు విన్నప్పుడల్లా అతని కుడికాలు బల్ల కింద నేలను నొక్కేది.

భార్య విశ్రాంతమ్మ ఏఎన్ఎం. సైకిలు మీదా, నడిచీ, బస్సెక్కీ గూడేలకు తిరిగి టీకాలు వేసే మనిషి. రోజుకు రెండుసార్లు, పొద్దున ఏడింటికీ సాయంత్రం ఏడింటికీ, కంట్లో వేసుకోవాల్సిన చుక్కల మందును ఆమే తెచ్చిపెట్టింది. మొదటి ఏడాది ఆమే వేసింది కూడా. తర్వాత ఆమెకు సబ్‌సెంటర్ మారి, ఇంటికొచ్చేసరికి రాత్రవుతుండటంతో సాయంత్రం చుక్కలు తనే వేసుకుంటానన్నాడు ఇన్నయ్య.

అతనికి కంప్యూటర్ పరిచయం కావడం ఒక దరఖాస్తు వల్ల జరిగింది. కౌంటర్‌లో కూర్చున్న కొత్తలో, గ్యారేజీలోనైనా పని ఇప్పించమని పై ఆఫీసుకు ఒక అర్జీ రాయించాలనుకున్నాడు. బస్టాండు ఎదురు సందులో కమ్లి అనే అమ్మాయి కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ పెట్టింది. జూలూరుపాడు దగ్గరి తండా పిల్ల, కొత్తగూడెంలో డిప్లొమా చేసింది. ఆరు కంప్యూటర్లు, ఒక ప్రింటర్. పొద్దున పాఠాలు, మధ్యాహ్నం టైపింగు. ఇన్నయ్య అర్జీ సగం కొట్టేసరికి కరెంటు పోయి వచ్చింది. కమ్లి అర్జీ మళ్లీ మొదటి నుంచి కొడుతుంటే పక్క కంప్యూటర్‌లో కరెంటు వచ్చాక ఎవరో పెట్టి వదిలేసి వెళ్లిన కారు ఆట తెర మీద నడుస్తోంది. కారు గోడకు ఆనుకుని చక్రాలు తిప్పుకుంటోంది.

"ఆ బండిని ఎవరన్నా వెనక్కి తియ్యరాదా బిడ్డా" అన్నాడు ఇన్నయ్య.

"నువ్వే తియ్యి బాబాయ్. ఆ బాణం గుర్తుల మీటలే స్టీరింగు" అంది కమ్లి తల ఎత్తకుండా.

అతను తీశాడు. అర్జీ అచ్చయి బయటికొచ్చాక కూడా లేవలేదు. మర్నాడూ వచ్చాడు. ఆ ఏడాదంతా డ్యూటీ దిగాక ఒక గంట కమ్లి ఇన్‌స్టిట్యూట్‌లో కారు నడపడం అతనికి అలవాటైంది. అర్జీకి జవాబు రాలేదు. అతనూ అడగలేదు.

తొంభై ఆరు చివర్లో కమ్లి పాత కంప్యూటర్లు మార్చి కొత్తవి తెచ్చినప్పుడు, ఒక పాతదాన్ని ఇన్నయ్యకే ఇచ్చేసింది. విశ్రాంతమ్మ ముందు గదిలో కుట్టుమిషన్ పక్కకు జరిపి చోటు చేసింది. ఇంట్లోకి కంప్యూటర్ ఎందుకని చుట్టుపక్కల వాళ్లు అడిగితే, "ఆయనకు బస్సు లేదుగదా, ఇది తెచ్చుకున్నడు" అని చెప్పేది. ఆమె దృష్టిలో అది రేడియో కొనుక్కోవడం లాంటిది.

రెండేళ్లు ఆ కంప్యూటర్ మంచిగానే నడిచింది. తొంభై ఎనిమిదిలో దసరా ముందు కమ్లి ఒక కొత్త ఆట తెచ్చి ఎక్కించింది. అందులో కార్లు లేవు. సరుకు లోడు చేసుకుని కొండ దారుల్లో పోయే లారీలు. గేర్లు మనమే మార్చాలి, లోడును బట్టి బ్రేకు పట్టాలి. ఇన్నయ్య మొదటి సాయంత్రమే ముందుకు జరిగి కూర్చున్నాడు. దారి ఘాట్ రోడ్డులాగే ఉంది. ఎడమ పక్క లోయ, కుడి పక్క కొండ.

అయితే ప్రతి పెద్ద మలుపు దగ్గరా బొమ్మ ఆగిపోయేది. ఆగి, రెండు మూడు క్షణాల తర్వాత మళ్లీ కదిలేది. కదిలేసరికి లారీ లోయలో ఉండేది.

"కంప్యూటర్ ముసలిదైంది బాబాయ్" అంది కమ్లి. "ఈ ఆటకు దీని బలం చాలదు. ఏమన్నా మార్చాల్సిందే."

ఏం మార్చాలన్నదే నెల రోజుల చర్చ అయింది. ఆ ఇంట్లో చేరే ముగ్గురికి మూడు అభిప్రాయాలు. కమ్లి మాట: బోర్డు, ప్రాసెసర్ రెండూ తీసేసి పెంటియం వేయాలి. అది మనిషికి తలకాయ మార్చినట్టు, మిగతావన్నీ దాని వెంటే బాగుపడతాయి. ధన్‌సింగ్ మాట: తెర మార్చాలి. ధన్‌సింగ్ ఇన్నయ్యతో పదేళ్లు కలిసి తిరిగిన కండక్టర్. సెలవు రోజుల్లో వచ్చి వెనక కుర్చీలో కూర్చుని, లారీ లోయలో పడ్డప్పుడల్లా నిట్టూర్చేవాడు.

"అన్నా, ఈ తెర చూడు, చేట అంత లేదు. కండ్లు బాగాలేని మనిషికి పెద్దది ఉండాలె. ఖమ్మంల పదిహేడంగుళాలది వచ్చిందంట" అనేవాడు.

ఇన్నయ్య కోరిక వేరు. అతనికి చప్పుడు కావాలి. ఆ కంప్యూటర్‌కు సౌండ్ కార్డు లేదు. లోపలున్న చిన్న స్పీకరు కీచుమనడం తప్ప ఇంకేమీ చేయలేదు. లారీ మూగగా కొండ ఎక్కుతుంటే గేరు ఎప్పుడు మార్చాలో అతనికి తోచేది కాదు.

"బండి నాతోని మాట్లాడుతలేదు బిడ్డా. ఇంజన్ గొంతు వింటేనే గదా గేరు మార్చేది. మీటరు చూసి ఎవరు మారుస్తరు?"

"చప్పుడు లేకున్నా ఆడొచ్చు బాబాయ్. అది షోకు కోసం పెట్టుకునేది" అంది కమ్లి.

విశ్రాంతమ్మ ఈ చర్చలో దిగలేదు. ఒక్క షరతు పెట్టింది. ఆరు నెలలకోసారి కంటి పరీక్షకు ఎట్లాగూ ఖమ్మం పోతారు, కొనేదేదో అప్పుడే కొనాలి. రెండు వస్తువులకు మించి కొనకూడదు. నవంబరులో పరీక్ష ఉంది.

ఆ మధ్యలో ఒక ఆదివారం, చర్చిలో పూజ నుంచి వచ్చాక ఇన్నయ్య ఒక్కడే ఆట పెట్టుకుని కూర్చున్నాడు. విశ్రాంతమ్మ అక్కాచెల్లెళ్లను చూడడానికి వెళ్లింది. వీధిలో కూడా సద్దు లేదు. లారీ మలుపు దగ్గరికి వచ్చింది, బొమ్మ ఆగింది. ఆగిన క్షణంలో కంప్యూటర్ డబ్బా లోపలి నుంచి కరకరమని ఒక చప్పుడు. చప్పుడు ఆగింది, బొమ్మ కదిలింది. అతను మళ్లీ మొదటి నుంచి నడిపాడు. మలుపు, కరకర, ఆగడం. మూడో మలుపు దగ్గర, తెర చూడడం మానేసి డబ్బా మీద చెయ్యి పెట్టి చూశాడు. చేతికి కూడా తెలుస్తోంది. తిన్నని రోడ్డు మీద ఆ చప్పుడు లేదు. అక్కడ బండి కొంచెం మెల్లగానైనా సాఫీగానే పోతోంది.

మర్నాడు కౌంటర్ నుంచి దిగగానే కమ్లి దగ్గరికి వెళ్లాడు.

"ఇంజన్‌కు బలం లేకపోతే ఎత్తు మొత్తం ఈడుస్తది. ఇది గట్ల లేదు. తిన్నగున్నప్పుడు మంచిగనే పోతుంది. మలుపు తిరగంగనే లోపల ఏదో కరకర నములుతది, అది అయిపోయినంక పోతది. ఎవడో సామాను కోసం గోదాముకు పోయి వచ్చినట్టు ఉంది."

కమ్లి చేతిలో పెన్ను బల్ల మీద పెట్టింది. "కరకర అంటే ఎర్ర బుగ్గ వెలుగుతుందా, ముందల?"

"అది నేను చూడలే. చప్పుడైతే విన్న."

ఆ సాయంత్రం కమ్లి వచ్చి చూసింది. నిజమే. మలుపు దగ్గర కొత్త కొండ, కొత్త చెట్లు తెర మీదికి తేవాలి. వాటిని దాచుకోవడానికి కంప్యూటర్ మెమొరీలో చోటు లేదు. ఉన్నది ఎనిమిది ఎంబీలు. చోటు చాలక ప్రతిసారీ హార్డ్ డిస్కు దాకా వెళ్లి వెతికి తెచ్చుకుంటోంది. ఆ వెతుకులాటే కరకర. ప్రాసెసర్ పాతదే కానీ, బండిని ఆపుతున్నది అది కాదు.

"నేను పెంటియం వేయించేదాన్ని బాబాయ్" అంది కమ్లి కొంచెం సిగ్గుపడి. "వేసినా ఎనిమిదే ఉంటే మళ్లా గిట్లనే ఆగేది. మెమొరీ పట్టీలు వేద్దాం ముందు."

ఒక వస్తువు తేలింది. రెండోది పెద్ద తెరా, సౌండ్ కార్డా అన్నది ఖమ్మంలో చూసుకుందామనుకున్నారు. ధన్‌సింగ్ అంత గట్టిగా చెప్పడం వల్ల ఇన్నయ్యకు కూడా తెర మీదికి కొంత మనసు పోయింది.

నవంబరులో ఇన్నయ్య, విశ్రాంతమ్మ పొద్దున్నే ఖమ్మం బస్సెక్కారు. వస్తువులు చూసి ఎంచడానికి కమ్లి కూడా వచ్చింది. కంటి డాక్టరు మధ్యాహ్నం మూడింటికి రమ్మన్నాడు. ముందు వైరా రోడ్డులోని కంప్యూటర్ షాపుకు వెళ్లారు. షాపతను మంచి మాటకారి. పాత కంప్యూటర్ వివరాలు వినగానే, "దాన్ని వదిలేయండి సార్, మొత్తం కొత్తది ఇస్తాను" అన్నాడు. ఇన్నయ్య అవసరం లేదని చెప్పి, పదిహేడంగుళాల తెర చూపించమన్నాడు. అతను ఒక కారు ఆట పెట్టి ఇన్నయ్యను ముందు కూర్చోబెట్టాడు.

తెర అందంగానే ఉంది. రంగులు మెరుస్తున్నాయి. ఇన్నయ్య కారు బయలుదేరింది. మొదటి మలుపులో ఎడమ గట్టును రాసుకుంది. రెండో మలుపులో ఎడమ పక్క నుంచి వచ్చిన ఇంకో కారు గుద్దింది. ఎక్కడి నుంచి వచ్చిందో ఇన్నయ్యకు తెలియలేదు. మళ్లీ పెట్టాడు. మళ్లీ ఎడమ పక్కే.

"కొత్త ఆట కదా సార్, చెయ్యి అలవాటు కావాలి" అన్నాడు షాపతను.

కమ్లి కూడా అదే అనుకుంది. విశ్రాంతమ్మ మాత్రం తెరను చూడట్లేదు, భర్త తలను చూస్తోంది. రోడ్డు దాటే మనిషిలా అతను తల అటూ ఇటూ తిప్పుతున్నాడు. కళ్లు తిప్పితే సరిపోయే దూరానికి మెడ మొత్తం తిప్పుతున్నాడు. ఆమె లేచి వచ్చి, ఏమీ చెప్పకుండా తెర ఎడమ అంచు మీద అరచెయ్యి పెట్టింది.

"రోడ్డు మీదనే చూడు. ఏం కనిపిస్తుంది?"

"రోడ్డు."

"ఇంకా?"

"కొండ. ఎదురుంగ ఒక బండి."

"నా చెయ్యి?"

ఇన్నయ్య తల తిప్పాడు. అప్పుడు కనిపించింది. తెరకు పావు వంతు కప్పేసి ఉంది ఆ చెయ్యి.

విశ్రాంతమ్మ చెయ్యి తీసేసి, గొంతు తగ్గించి అడిగింది.

"పోయినసారి పరీక్షల ఇంత లేదు. సాయంత్రం చుక్కలు వేసుకుంటున్నవా?"

ఇన్నయ్య కీబోర్డును ముందుకు తోశాడు.

"వేస్తే గంట సేపు మసకగ ఉంటది" అన్నాడు. "ఆట అయినంక వేసుకుందామనుకుంట. అట్లనే నిద్ర పడుతది."

"ఎప్పటిసంది?"

"ఈ లారీ ఆట వచ్చినకాణ్నుంచి. అంతకు ముందు గూడ ఒకటి రెండు రోజులు తప్పినయ్."

విశ్రాంతమ్మ సంచి భుజానికి తగిలించుకుంది. "పా. డాక్టర్ దగ్గరికి పోదాం. కమ్లీ, నువ్వు ఈడనే ఉండు, ఏం కొనకు" అంది.

ఆసుపత్రికి రిక్షాలో వెళ్లారు. ఆమెకు కోపం వచ్చిందని ఇన్నయ్యకు తెలుసు. ఇంట్లోంచి కంప్యూటర్ పోతుందని అతను అప్పుడే ఖాయం చేసుకున్నాడు. పోతే పోయిందనుకోవడానికి ప్రయత్నించాడు కానీ, రిక్షావాడు బస్టాండు ముందు మలుపు తీసుకున్నప్పుడు కళ్లు మూసుకున్నాడు.

పరీక్షలో ఒక పెద్ద గిన్నెలాంటి దాంట్లోకి గడ్డం పెట్టి చూడాలి. ఎక్కడ చుక్క వెలిగితే అక్కడ బటన్ నొక్కాలి. చాలాసేపు చుక్కలే వెలగలేదని ఇన్నయ్య అనుకున్నాడు. వెలిగాయి, అతనికే కనిపించలేదు. డాక్టరు పాత కాగితం, కొత్త కాగితం పక్కపక్కన పెట్టి చూశాడు. ఎడమ కంటిలో ఇంకొంత పోయింది. పోయింది తిరిగి రాదు. ఉన్నది నిలబడాలంటే చుక్కలు ఒక్కపూట కూడా తప్పకూడదు. ఇవన్నీ ఆయన కసురుకోకుండానే చెప్పాడు.

"కంప్యూటర్ ఆట ఆడుతడు సార్. దానివల్ల చెడిందా?" అడిగింది విశ్రాంతమ్మ.

"ఆటవల్ల ఏమీ కాదమ్మా. మందు మానడంవల్ల అయింది."

"పెద్ద తెర తీసుకుంటే మంచిదా?"

డాక్టరు కాగితం ఆమె వైపు తిప్పాడు. మధ్యలో తెల్లగా ఒక గుండ్రం, చుట్టూ నలుపు. "ఈయన చూపు ఇంత. తెర ఇందులో పట్టాలి. పెద్దది తీసుకుంటే సగం బయటికి పోతుంది. ఉన్నదాన్నే కాస్త దూరం పెట్టుకోమనండి."

బయట చెట్టు కింది బల్ల మీద ఇద్దరూ కూర్చున్నారు. ఆమె టిఫిన్ డబ్బా తీసి పులిహోర చెరిసగం పెట్టింది. తనే అంది:

"దాన్ని అమ్మేయమంటననుకుంటున్నవు."

"అవ్."

"రిక్షాల అదే అనుకున్న. అమ్మితే ఏం చేస్తవు నువ్వు? గోడ చూసుకుంట కూసుంటవు, చుక్కలు మాత్రం వేసుకుంటవా?" ఆమె డబ్బా మూత పెట్టింది. "డ్యూటీ రెండింటికి దిగుతవు. అన్నం తిని, నాలుగింటికి కూసో. ఏడింటికి లేవాలె. నేను ఉంటే నేను వేస్త, లేకపోతే గడియారం చూసుకుని నువ్వు వేసుకోవాలె. మసక పోయేదాక మంచం మీద పడుకోవాలె. ఆ తర్వాత మళ్ల ఆట లేదు."

"మంచిది."

"మంచిది అనుడు కాదు. నాకు చెప్పకుండ ఇంకోటి దాస్తే, ఆ డబ్బాను నేనే తీస్కపోయి సబ్‌సెంటర్‌ల పెడత. టీకాల లెక్కలు రాసుకుంట."

ఆమె నవ్వకుండా అన్న ఆ మాటకు ఇన్నయ్య నవ్వాడు. పొద్దుటి నుంచి అదే మొదటిసారి.

షాపుకు తిరిగి వచ్చేసరికి కమ్లి గడప దగ్గరే నిలబడి ఉంది. ఏం జరిగిందో విశ్రాంతమ్మ రెండు మాటల్లో చెప్పింది. ఇక చర్చ ఏమీ మిగల్లేదు. పెద్ద తెర వద్దు. చిన్న తెరలో అయితే ఎడమ గట్టూ కుడి గట్టూ ఒకేసారి కళ్లలో పడతాయి. బల్లను గోడకు ఆనించి, తెరను ఇంకో అడుగు వెనక్కి జరపొచ్చు, దానికి కొనాల్సింది ఏమీ లేదు. పక్కన కనిపించని దాన్ని చెవితో పట్టుకోవాలి కాబట్టి చప్పుడు షోకు కాదని ఈసారి కమ్లియే అంది. మెమొరీ పట్టీలు రెండు, సౌండ్ కార్డు ఒకటి, దాంతో వచ్చే చిన్న స్పీకర్లు. షాపతను మొదట పాత బోర్డుకు సరిపోని కొత్త రకం పట్టీలు ఇవ్వబోతే, కమ్లి వాటి గాట్లు చూసి వాపసు చేసి, లోపలి గదిలో వెతికించి పాత రకం తెప్పించింది.

శనివారం సాయంత్రం బిగించారు. ధన్‌సింగ్ టార్చిలైటు పట్టుకున్నాడు. డబ్బా విప్పితే లోపల పిడికెడు దుమ్ము, ఒక మూలన బల్లి గుడ్లు రెండు. విశ్రాంతమ్మ కుంచె తెచ్చి దుమ్మంతా దులిపింది. పట్టీలు పెట్టి స్విచ్చి వేస్తే కంప్యూటర్ మూడుసార్లు కూసి ఊరుకుంది. తెర మీద ఏమీ లేదు. ధన్‌సింగ్ ముఖం వాడిపోయింది. "కాలిపోయిందంటవా?" అన్నాడు. కమ్లి పట్టీలు ఊడదీసి, వాటి అంచున ఉన్న లోహపు గీతలను రబ్బరుతో రుద్ది, ఈసారి టక్కుమనేదాకా నొక్కింది. తెర మీద అంకెలు పరుగెత్తి ఇరవై నాలుగు ఎంబీల దగ్గర ఆగాయి.

సౌండ్ కార్డు అంత తేలిగ్గా లొంగలేదు. గంటన్నర సేపు ఒక్క కూత లేదు. కార్డుకు ఇచ్చిన నంబరునే ఇంకో భాగం కూడా వాడుకుంటోందట, రెండూ కొట్టుకుంటున్నాయట. కమ్లి నంబర్లు మారుస్తూ, ప్రతిసారీ కంప్యూటర్‌ను ఆపి వేస్తూ పోయింది. ఆరో ఏడో సారికి స్పీకర్ల నుంచి గురగురమని ఒక చప్పుడు వచ్చింది. నిలబడ్డ లారీ ఇంజన్ అది.

ఇన్నయ్య కూర్చున్నాడు. మొదటి గేరులో కదిలించి, ఇంజన్ గొంతు పెరిగేదాకా ఆగి, రెండోదానికి మార్చాడు. మీటరు వైపు చూడలేదు. ఎత్తు మొదలవగానే గొంతు బరువెక్కింది. అతని వేలు దానంతటదే కింది గేరుకు వెళ్లింది. మలుపు వచ్చింది. డబ్బాలో కరకర చిన్నగా ఒకసారి అని ఊరుకుంది. బొమ్మ ఆగలేదు. ఎడమ పక్క ఏదో లారీ హారన్ కొట్టింది. ఎడమ స్పీకరులోనే వినిపించింది. ఇన్నయ్య కుడికి జరిగి దానికి దారి ఇచ్చాడు. ఆ తర్వాతే అది తెర మధ్యలోకి వచ్చి, ముందుకు పోయింది.

"చూడకుండనే ఇచ్చినవు" అన్నాడు ధన్‌సింగ్.

"విన్న" అన్నాడు ఇన్నయ్య.

అన్నీ బాగుపడ్డాయని కాదు. కొండలు దూరం నుంచి ముక్కలు ముక్కలుగా కనిపించేవి. ఆటలో వర్షం పడితే కంప్యూటర్ ఆయాసపడి లారీ నడక నత్తనడక అయ్యేది. ఏడాది తిరిగాక కమ్లి ఇన్‌స్టిట్యూట్‌లో ఒక పెంటియం బోర్డు మిగిలితే తెచ్చి వేస్తానంది. ఇన్నయ్య ఆలోచించి వద్దన్నాడు. తనకు కావాల్సిన పని ఇది చేస్తోంది, ఇది చేయనన్నప్పుడు చూద్దామన్నాడు. తెర పెద్దది పెట్టుకోమని ధన్‌సింగ్ మళ్లీ ఎప్పుడూ అనలేదు.

చుక్కల సంగతికి వస్తే, కంప్యూటర్ పక్క గోడకు విశ్రాంతమ్మ ఒక గడియారం కొట్టించింది. డ్యూటీ వేళ మార్పించుకుని ఏడింటికల్లా ఇంటికి చేరేది. లారీ ఘాట్ మధ్యలో ఉన్నా సరే, ఏడు కాగానే ఆమె వెనక నిలబడి తల వెనక్కి వంచమనేది. రెండు నెలలు అట్లా గడిచాయి. జనవరిలో పోలియో చుక్కల కార్యక్రమానికి ఆమెను చింతూరు వైపు గూడేలకు వేశారు. నాలుగు రోజులు ఇంటికి రావడం కుదరలేదు. వెళ్లేముందు ఆమె ఏ జాగ్రత్తా చెప్పలేదు.

అయిదో రోజు పొద్దున దుమ్ముకొట్టుకుని, అలసిపోయి వచ్చింది. సంచి కింద పెట్టి, చెప్పులు కూడా విప్పకుండా అల్మారా దగ్గరికి వెళ్లి, మందు సీసాను కిటికీ వెలుతురుకు ఎత్తి, మందు ఎంత దాకా ఉందో చూసింది. ఇన్నయ్య డ్యూటీ చొక్కా గుండీలు పెట్టుకుంటూ గది మధ్యలో నిలబడ్డాడు.

"తగ్గిందా?" అడిగాడు.

"తగ్గింది" అని ఆమె సీసాను చోట పెట్టి, కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లింది.